రెండున్నర లక్షల అసెంబుల్డ్ సిస్టం: ఏ భాగానికి పెద్దపీట వేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా వచ్చి చెన్నై సాలిగ్రామంలో స్థిరపడ్డాను. ఇంటీరియర్ డిజైనర్లకు బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ దృశ్యాలు చేసి ఇవ్వడం, చిన్న ప్రకటన చిత్రాలకు ఎడిటింగ్ చేయడం ఇప్పుడు నా జీవనాధారం. నా లాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్, 6 జీబీ గ్రాఫిక్స్ మెమొరీ ఉన్నాయి. పెద్ద హాళ్ల దృశ్యాలు రెండరింగ్ (త్రీడీ దృశ్యాన్ని తుది చిత్రంగా మార్చడం) మధ్యలో మెమొరీ చాలదంటూ ఆగిపోతున్నాయి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక దుకాణం వారు రెండున్నర లక్షలకు కొటేషన్ ఇచ్చారు: రైజెన్ 9 9950ఎక్స్ ప్రాసెసర్, ఎక్స్870ఈ మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు నాలుగు, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 2 టీబీ జెన్5 (ఐదో తరం) ఎస్‌ఎస్‌డీ, 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్, ముందు గాజు పలక ఉన్న క్యాబినెట్, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే డబ్బా). నేనుండేది మేడమీది అద్దె గది. ఏసీ రాత్రిపూట మాత్రమే వేస్తాను. సిస్టం ఐదేళ్లయినా పనికి రావాలి. ఈ కొటేషన్‌కు ఒప్పుకోవచ్చా?

సమాధానం: ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోవద్దు. అందులో రాసిన భాగాలు చెడ్డవని కాదు. దుకాణం వారు ప్రాసెసర్‌కూ, మదర్‌బోర్డుకూ, కంటికి కనిపించే హంగులకూ డబ్బు ధారపోసి, మీ పనికి అసలు ఆధారమైన గ్రాఫిక్స్ కార్డు దగ్గర చేయి బిగబట్టారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది, దృశ్యాలు మెమొరీ చాలక ఆగిపోతున్నాయన్న మాట. మీ పని ఎక్కడ చిక్కుకుంటున్నదో అక్కడే చెప్పేశారు. కొటేషన్ తయారు చేసినవారు ఆ మాట విని ఉంటే 6 జీబీతో ఇబ్బంది పడుతున్న మనిషికి 8 జీబీ కార్డు రాసేవారు కారు.

బ్లెండర్‌లోని సైకిల్స్ రెండర్ ఇంజిన్‌ను గ్రాఫిక్స్ కార్డు మీద నడిపినప్పుడు దృశ్యంలోని ఆకృతులు, పదార్థాల టెక్స్చర్లు (ఉపరితలం మీద పరిచే బొమ్మలు), వెలుతురు లెక్కలకు కావలసిన సమాచారం అంతా ఆ కార్డు మెమొరీలోకి ఎక్కాలి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. టెక్స్చర్ ఫైలు హార్డ్ డిస్క్ మీద జేపీజీ రూపంలో పదిహేను ఎంబీయే ఉండవచ్చు గాని, కార్డులోకి చేరేటప్పటికి ఆ కుదింపు విడిపోతుంది. 8192 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న 8కే టెక్స్చర్‌లో ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున లెక్కిస్తే ఒక్క బొమ్మకే 256 ఎంబీ పడుతుంది. ఒక సోఫా గుడ్డకు రంగు, గరుకుతనం, ఎత్తుపల్లాలు అంటూ మూడు టెక్స్చర్లు పెడితే అదొక్కటే ముప్పావు జీబీ మింగేస్తుంది. హాలులో టేకు ఫర్నిచర్, గ్రానైట్ నేల, తివాచీ, తెరలు, గోడ మీది రాతి పలకలు అన్నిటికీ ఇదే విధంగా పెట్టుకుంటూ పోతే 8 జీబీ ఎంతసేపు నిలుస్తుందో మీరే ఊహించవచ్చు. కార్డులో పట్టని భాగాన్ని మామూలు ర్యామ్‌లోకి నెట్టి పని సాగించే వెసులుబాటు కొంతవరకు ఉన్నా, దానికి మూల్యం పెద్దది. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ కార్డు తన సొంత మెమొరీతో సెకనుకు 896 జీబీ వేగంతో మాట్లాడుకోగలదు. అదే సమాచారం మదర్‌బోర్డు స్లాట్ గుండా ర్యామ్ నుంచి రావాలంటే పీసీఐఈ 5.0 అనే స్లాట్ ప్రమాణంలో సైతం సెకనుకు సుమారు 64 జీబీకి మించదు.

అందువల్ల మీ సిస్టంలో మొదట నిర్ణయించవలసినది గ్రాఫిక్స్ కార్డు. నా సలహా 16 జీబీ మెమొరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 5070 టీఐ. దీనికన్నా ఖరీదైన 5080 గురించి దుకాణంలో ఎవరైనా చెబితే, అది వేగమైన కార్డే అయినా మెమొరీ మాత్రం అదే 16 జీబీ అని గుర్తుంచుకోండి. ఎక్కువ డబ్బు పెట్టినా మీ దృశ్యం పరిమాణం ఒక్క అంగుళం పెరగదు. 32 జీబీ ఉన్న 5090 మీ బడ్జెట్‌కు అందదు. పైగా 575 వాట్లు తీసుకునే ఆ కార్డును పగలు ఏసీ లేని గదిలో పెట్టమని నేను చెప్పలేను. ఏఎండీ రేడియాన్ కార్డుల్లోనూ 16 జీబీవి దొరుకుతాయి, అవి ఆటలకు మంచివి కూడా. కాని సైకిల్స్‌లో ఆర్‌టీఎక్స్ కార్డుల సంస్థ ఎన్విడియా ఇచ్చే ఆప్టిక్స్ అనే రెండరింగ్ పద్ధతికి ఉన్న వేగం వాటికి ఇంకా రాలేదు కనుక మీ పనికి వాటిని సూచించను. డబ్బు మరీ చాలకపోతే ఆర్‌టీఎక్స్ 5060 టీఐలోనే 16 జీబీ రకం తీసుకోండి. కొటేషన్‌లో ఉన్న కార్డు పేరూ ఇదే గనుక, పెట్టె మీద మెమొరీ ఎంత రాసి ఉందో కళ్లతో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డుల్లో మీ ఎడిటింగ్‌కు మరో మేలు ఉంది. ఇప్పటి కెమెరాలు చాలావరకు ఇచ్చే 10 బిట్ 4:2:2 రకం (రంగుల వివరం ఎక్కువగా ఉండే) వీడియోను కార్డే నేరుగా విప్పగలదు. పాత శ్రేణుల్లో ఈ సదుపాయం లేకపోవడం వల్లనే టైమ్‌లైన్ మీద ఆ ఫుటేజి తడబడుతూ నడిచేది.

కొత్త కార్డు వచ్చేలోగా మీ లాప్‌టాప్ మీదనే చేయదగిన పని ఒకటి చెబుతాను. బ్లెండర్ రెండర్ సెట్టింగుల్లో సింప్లిఫై అనే విభాగం ఉంది. అందులో టెక్స్చర్ల గరిష్ఠ పరిమాణాన్ని 2048కి తగ్గించి, ఆగిపోతున్న దృశ్యాన్ని మళ్లీ నడిపించి చూడండి. కెమెరాకు దూరంగా ఉన్న వస్తువుల్లో తేడా కనబడదు. దృశ్యం పూర్తయితే, రెండర్ విండో పై భాగంలో చూపించే గరిష్ఠ మెమొరీ అంకెను రాసి పెట్టుకోండి. కొనబోయే కార్డు ఎంతవరకు సరిపోతుందో చెప్పే కొలత మీ చేతిలోనే ఉంటుంది.

ఇక ప్రాసెసర్. 9950ఎక్స్ పదహారు కోర్ల గొప్ప ప్రాసెసర్ అన్నమాటలో సందేహం లేదు. రెండరింగ్ మొత్తాన్ని ప్రాసెసర్ మీదనే చేసేవారికీ, ద్రవాలూ పొగలూ అనుకరించే సిమ్యులేషన్లు రోజంతా నడిపేవారికీ అది పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇస్తుంది. మీ రెండరింగ్ కార్డు మీద జరుగుతుంది. ప్రాసెసర్ వంతుకు మిగిలేది మోడలింగ్, ప్రతి ఫ్రేముకు ముందు దృశ్యాన్ని సిద్ధం చేయడం, ఎడిటింగ్‌లో కొంత భాగం. వీటిలో చాలా పనులు ఒకటి రెండు కోర్ల వేగం మీదనే ఆధారపడతాయి. ఆ వేగంలో 9950ఎక్స్ గరిష్ఠంగా 5.7 గిగాహెర్ట్జ్ అందుకుంటే, పన్నెండు కోర్ల 9900ఎక్స్ 5.6, ఎనిమిది కోర్ల 9700ఎక్స్ 5.5 అందుకుంటాయి. పనిలో కూర్చున్నవారికి ఈ తేడా తెలియనే తెలియదు. మీకు 9900ఎక్స్ సరిపోతుంది, బడ్జెట్ బిగుసుకుంటే 9700ఎక్స్ అయినా మీ పని కుంటుపడదు. ఈ రెంటికీ ఇంకొక సుగుణం ఉంది: 9950ఎక్స్ విద్యుత్ అంచనా 170 వాట్లైతే, వీటివి 120, 65 వాట్లు. మేడమీది గదికి ఇది చిన్న విషయం కాదు. దుకాణంలో పాత స్టాకులో ఉన్న ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లను చౌకగా ఇస్తామంటే తొందరపడకండి. వోల్టేజి లోపం వల్ల అవి క్రమంగా అస్థిరమవుతున్నాయని 2024లో ఇంటెల్ సంస్థే ఒప్పుకుని, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి నియంత్రణ ప్రోగ్రాం) సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. సవరణ రాకముందు ఎవరి దగ్గరో నడిచిన ప్రాసెసర్ ఎంత అరిగిందో బయటినుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు.

ర్యామ్ 64 జీబీ అన్నది సరైన నిర్ణయమే, కాని నాలుగు స్టిక్కులుగా తీసుకోవద్దు. డీడీఆర్5 ర్యామ్ విషయంలో స్లాట్లు నాలుగూ నింపినప్పుడు ప్రాసెసర్‌లోని మెమొరీ కంట్రోలర్ మీద భారం బాగా పెరుగుతుంది. రైజెన్ 9000 శ్రేణికి ఏఎండీ ఇచ్చిన అధికారిక లెక్క ప్రకారం రెండు స్టిక్కులతో వేగం 5600 (సెకనుకు మెగాట్రాన్స్‌ఫర్లు) అయితే, నాలుగింటితో 3600కు పడిపోతుంది. అంతకన్నా ఎక్కువ వేగంతో నాలుగు స్టిక్కులు నడిపేవారు లేకపోలేదు. అయితే ఎనిమిది గంటల యానిమేషన్ రెండరింగ్ ఏడో గంటలో నీలి తెర చూపించి ఆగితే నష్టపోయేది మీరే. 32 జీబీ స్టిక్కులు రెండు ఒకే ప్యాకెట్‌గా, 6000 వేగం గలవి తీసుకోండి. బిగించాక బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ఎక్స్‌పో అనే అమరికను ఆన్ చేయించడం మరవకండి. చేయకపోతే మీరు డబ్బిచ్చిన వేగం కాగితం మీదే ఉండిపోతుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు ర్యామ్ అమ్మిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారం మానుకుంటున్నట్టు ఆ డిసెంబరులోనే ప్రకటించింది. కాబట్టి పాత ధరలు గుర్తున్న మిత్రులు మీ బిల్లు చూసి ఆశ్చర్యపోవచ్చు. ఆ బెంగతో 32 జీబీకి దిగవద్దు. కోత పెట్టవలసి వస్తే మదర్‌బోర్డులో పెట్టండి.

మదర్‌బోర్డు సంగతి క్లుప్తంగా చెబుతాను. మీకు ఎక్స్870ఈ అవసరం లేదు. ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం మీద మంచి హీట్‌సింక్ ఉన్న బీ850 బోర్డు చాలు. ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తరువాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. కాబట్టి మూడేళ్ల తరువాత బోర్డు మార్చకుండానే ప్రాసెసర్ మార్చుకునే అవకాశం మీకు ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ కూడా జెన్5 వద్దు. సెకనుకు 14 జీబీ చదివే దానికీ, 7 జీబీ చదివే జెన్4 రకానికీ మీ రెండరింగ్ సమయంలో తేడా కానరాదు, వేడి మాత్రం జెన్5దే ఎక్కువ. టీఎల్‌సీ (ఒక్కో మెమొరీ గడిలో మూడు బిట్లు దాచే) రకం జెన్4 తీసుకోండి. చౌకగా దొరికే క్యూఎల్‌సీ (గడికి నాలుగు బిట్లు) రకాలు నిండుతున్నకొద్దీ, పెద్ద ఫైళ్లు ఆపకుండా రాసేటప్పుడు బాగా మందగిస్తాయి. ఇక్కడ మిగిలిన డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని ఖాతాదారుల పనులన్నీ అందులో రెండో ప్రతిగా దాచండి.

వేడి గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే ఈ విషయంలో విదేశీ సమీక్షలు చూసి నిర్ణయించుకుంటే చెన్నైవాళ్లం మోసపోతాం. ఆ పరీక్షలు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. ఏ కూలర్ అయినా, గాలిదైనా నీటిదైనా, ప్రాసెసర్ వేడిని గదిలోకి నెడుతుందే తప్ప గది ఉష్ణోగ్రతకు దిగువకు తీసుకుపోలేదు. ఇక్కడివారు అగ్ని నక్షత్రమనే మే నెల రోజుల్లో మేడమీది గది 38 డిగ్రీలకు చేరిందనుకుంటే, సమీక్షలో 75 చూపించిన ప్రాసెసర్ మీ దగ్గర 88 దాకా పోతుంది. రైజెన్ 9000 ప్రాసెసర్లు 95 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి కనుక కాలిపోవు, కాని మీరు కొన్న వేగంలో కొంత మీకు దక్కకుండా పోతుంది. దీనికి మందు బయాస్‌లోనే ఉంది: ఈకో మోడ్‌లో విద్యుత్ పరిమితి ఒక మెట్టు తగ్గిస్తే వేగం కొద్దిగానే తగ్గి, వేడి చెప్పుకోదగినంత తగ్గుతుంది. వేసవి రెండు నెలలూ అలా నడపమని గట్టిగా చెబుతాను.

9900ఎక్స్‌కు రెండు టవర్లున్న మంచి ఎయిర్ కూలర్ సరిపోతుంది. లిక్విడ్ కూలర్ చెడ్డదని కాదు, అయితే అందులో పంపు ఉంది, గొట్టాల్లోని ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరై తగ్గుతుంది. మీరు ఐదేళ్లు అడుగుతున్నారు. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే, అది రిచీ స్ట్రీట్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. కొనేముందు కూలర్ ఎత్తు, క్యాబినెట్ అనుమతించే ఎత్తు పోల్చుకోండి. ఇలాంటి కూలర్లు 160 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. క్యాబినెట్ ముందువైపు గాజు ఉండకూడదు, జాలీ ఉండాలి. నోరు మూసి పరుగెత్తమన్నట్టుగా ఉంటుంది గాజు వెనుక ఫ్యాన్లు బిగించడం. జాలీ వెనుక ఊడదీసి కడుక్కునే దుమ్ము వడపోత ఉన్నదే ఎంచుకుని నెలకొకసారి శుభ్రం చేయండి.

గది మాట కూడా ఆలోచించాలి. ఈ సిస్టం పూర్తి భారంతో రెండర్ చేస్తున్నప్పుడు సుమారు 500 వాట్లు తీసుకుంటుందనుకుంటే, అదంతా చివరకు వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఒక టన్ను ఏసీ తొలగించగల వేడి సుమారు 3500 వాట్లు గనుక, అందులో ఏడో వంతు మీ రెండరింగే తినేస్తుంది. మీ ఏసీ రాత్రిపూట నడుస్తుందన్నారు కనుక పొడవైన రెండరింగులను రాత్రికే పెట్టుకోవడం యంత్రానికీ మీకూ మంచిది. రోజుకు పది గంటలు అలా నడిపితే ఐదు యూనిట్లు. నెలలో పాతిక రోజులు లెక్కేసినా రెండు నెలలకొకసారి వచ్చే మన కరెంటు బిల్లులో 250 యూనిట్లు కలుస్తాయి. పని ధర నిర్ణయించేటప్పుడు దీన్ని కూడా లెక్కలో చేర్చుకోండి.

కొటేషన్‌లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది చివరి పంక్తి. మిగతా భాగాలన్నిటికీ మోడల్ పేర్లు రాసి, ఎస్‌ఎంపీఎస్ దగ్గరకు వచ్చేసరికి 650 వాట్లు అని మాత్రమే రాశారు. ఆ డబ్బాలో లోపం ఉంటే అది ఒంటరిగా పోదు. బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోగలదు. 5070 టీఐ 300 వాట్ల కార్డు, దానికి కనీసం 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియానే సూచిస్తోంది. పేరున్న తయారీదారుది, ఏటీఎక్స్ 3.1 ప్రమాణానికి సరిపోయేది, 850 వాట్లది తీసుకోండి. నేటి గ్రాఫిక్స్ కార్డులు సెకనులో అతి చిన్న భాగంపాటు తమ సగటుకన్నా ఎంతో ఎక్కువ కరెంటు లాగుతాయి. అలాంటి కుదుపులను తట్టుకునే సామర్థ్యాన్ని ఏటీఎక్స్ 3.0 నుంచి నియమంగా పెట్టారు. పెట్టె మీది 80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుందే తప్ప రక్షణ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చెప్పదు. కాబట్టి ఏడు నుంచి పదేళ్ల వారంటీ ఇచ్చే రకాన్ని చూసుకోండి. కార్డుకు వెళ్లే పన్నెండు పెద్ద పిన్నుల కనెక్టర్‌ను చివరంటా నొక్కి బిగించారో లేదో స్వయంగా చూడండి. 2022లో 4090 కార్డుల కనెక్టర్లు కరిగిన ఉదంతాల్లో, పూర్తిగా బిగించకపోవడం ఒక ముఖ్య కారణంగా తేలింది. ఆ తీగను కనెక్టర్ మొదట్లోనే బలవంతంగా వంచకూడదు.

యూపీఎస్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. సాధారణంగా అమ్మే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లే. రెండరింగ్ మధ్యలో కరెంటు పోతే అదీ ఆ క్షణంలోనే చేతులెత్తేస్తుంది. 900 వాట్ల దాకా మోయగల, స్వచ్ఛమైన సైన్ వేవ్ ఇచ్చే యూపీఎస్ తీసుకోండి. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలోని పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే) సర్క్యూట్ చౌక యూపీఎస్‌ల మెట్లమెట్ల తరంగంతో కొన్నిసార్లు సరిపడక సిస్టం ఆగిపోతుంది. అద్దె ఇల్లు కనుక, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్తింగ్‌కూ మధ్య వోల్టేజి కొలిపించండి. అది రెండు మూడు వోల్టులకు మించి ఉంటే ఇంటి యజమానితో మాట్లాడి బాగు చేయించాకే సిస్టం పెట్టండి.

ఈ మార్పులతో కొత్త కొటేషన్ అడిగినప్పుడు మొత్తం మీ బడ్జెట్ దాటితే, కోతకు వరుస ఇది: ముందు ప్రాసెసర్‌ను 9700ఎక్స్‌కు దించండి, తరువాత ఎస్‌ఎస్‌డీని 1 టీబీకి తగ్గించండి, అప్పటికీ కుదరకపోతేనే కార్డును 16 జీబీ 5060 టీఐకి మార్చండి. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ఒకే దుకాణాన్ని నమ్ముకోకుండా రెండు మూడు చోట్ల ఇదే జాబితా ఇచ్చి, ప్రతి భాగం ధరా విడివిడిగా రాయించుకోండి.

బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామని ఎవరైనా అంటే వినవద్దు. 18 శాతం జీఎస్‌టీ ఆదా అయినట్టు కనిపిస్తుంది గాని, వారంటీకి వెళ్లిననాడు మీ చేతిలో ఆధారం ఉండదు. పెట్టె లేకుండా ట్రేలో వచ్చే ప్రాసెసర్‌కు చాలాసార్లు దుకాణం వారి మాటే వారంటీ కనుక పెట్టెతో ఉన్నదే అడగండి. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లులో రాయించి, పెట్టె మీది నంబరుతో సరిచూసుకోండి. బిగించడం పూర్తయ్యాక మీ దృశ్యం ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి, దుకాణంలోనే కనీసం అరగంట రెండర్ చేయించి ఉష్ణోగ్రతలు చూడండి. ఇంటికి తెచ్చిన తొలిరాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం పెట్టి తెల్లవార్లూ నడపండి. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ ప్యాకెట్‌ను మరుసటి రోజే వెనక్కి ఇచ్చేయండి, ఎందుకంటే చాలా దుకాణాలు మొదటి కొద్ది రోజుల్లో అయితేనే అక్కడికక్కడ మార్చి ఇస్తాయి, ఆ గడువు దాటితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగవలసి వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ పెట్టెలను వారంటీ ముగిసేదాకా అటక మీద ఉంచండి.